కణుపుల లెక్క

కాశీబుగ్గ నుంచి షేర్ ఆటోలో తెచ్చారామెను
రాత్రి పదకొండున్నరకి.
పలాస ఆస్పత్రి మెట్ల మీద వాన ఇంకా ఆరలేదు.
"పిట్సమ్మా" అంది వెంటొచ్చిన దాలెమ్మ.
"గాలి సోకింది" అన్నాడు ఆటో అబ్బాయి, కిరాయి కోసం నిలబడి.
నేను పేరడిగాను.
"బమ్మిడి తవిటమ్మ."
స్పష్టంగానే చెప్పింది.
ఫిట్స్‌లో ఉన్న మనిషి పేరు చెప్పదు.

"ముందేమనిపించింది?"
"మూతి సుట్టూ సీమలు పాకినట్టు.
తరవాత కాలి పిక్కలు లాగీసినాయి."
"వేళ్ళు తిమ్మిరెక్కలేదా?"
నవ్వబోయింది. నవ్వు పెదవి చివర చిక్కుకుని వణికింది.
"ఏళ్ళా! ఈ ఏళ్ళకేటి తెలుస్తాది సిస్టరమ్మా?"

చూశాను.
ఇరవై రెండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేళ్ళు.
సొన తాగి తాగి బొగ్గు కొసల్లా.
రేషన్ మిషను కూడా గుర్తుపట్టదట వీటిని.
తిమ్మిరి వచ్చి తలుపు తట్టినా
లోపల పలికేవాళ్ళు లేరు.
అందుకే అది పెదాల దాకా నడిచొచ్చింది.

పమిట జారింది.
మెడకి అడ్డంగా ఒక కుట్టు, ఇంకా గులాబీ రంగు.
"విశాపట్నంలో కోసినారు. నెల్లాళ్ళయింది. గొంతు గెడ్డ."
"మాత్రలివ్వలేదా?"
"ఇచ్చినారు. పుండు మానిపోనాది గదాని మానీసినాను."
మానింది, మానేసింది.
ఈ రెండు మాటల మధ్యే నా ఉద్యోగమంతా.

ఆ గడ్డ వెనక నాలుగు గింజలుంటాయి,
బియ్యపు నూకలంత.
నెత్తుట్లో సున్నం ఎంతుండాలో చూసుకునే గుమస్తాలు.
గడ్డతోపాటే పోయాయో, బెదిరి పడుకున్నాయో.
ఎముకల నిండా సున్నమే,
రక్తంలో చిటికెడు కరువు.

చెవి ముందు వేలితో తట్టాను.
అటువైపు పెదవి ఎగిరింది, గేలం మింగిన చేపపిల్లలా.
బీపీ పట్టీ కట్టి, గాలి కొట్టి, అలాగే ఉంచాను.
ఒక నిమిషం.
దాలెమ్మ గోడ గడియారాన్నే చూస్తోంది.
రెండో నిమిషం దాటాక
చెయ్యి తనంతట తానే ముడుచుకుంది.
మణికట్టు వంగి, వేళ్ళు నిటారుగా ఒకదానికొకటి ఆనుకుని,
బొటనవేలు అరచేతిలోకి.

ఆ చెయ్యి నాకు తెలుసు.
మందసలో మా నాయనమ్మ మంత్రసాని.
బిడ్డ అడ్డం తిరిగిన రాత్రుళ్ళు
నూనె రాసుకుని అలాగే సన్నం చేసేది చేతిని.
పట్టీ ఊడదీశాను, పర్రుమని.

డ్యూటీ డాక్టరు లుంగీ మీదే వచ్చి
ఈసీజీ కాగితం లైటు కింద సాగదీశారు.
"రిపోర్టు పొద్దున్నకి గాని రాదు. ఆగొద్దు.
నెమ్మదిగా ఎక్కించు. నెమ్మదిగా."
తొందరపడితే ఈ మందే గుండెని ఆపేస్తుంది.
నరం తప్పితే జీడి సొన కంటే ఘోరంగా కాలుస్తుంది.

పది మిల్లీలీటర్లు. పది నిమిషాలు.
పాలు పొంగకముందే దించేసే మనిషిని,
ఇంత నెమ్మదిగా ఏ పనీ చెయ్యలేదు నేను.
మానిటర్ మీద ఆకుపచ్చ గీత,
నా బొటనవేలి కింద సిరంజి,
కబుర్లు మాత్రం ఆమెవి.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదట.
తనని పొరుగామె చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి
మళ్ళీ కొనుక్కుందట తల్లి.
"తవుడు దర మనిసిని, నాకింత సూదెందుకు?"
ఆరో నిమిషంలో "ఒళ్ళు ఎచ్చబడతంది" అంది.
ఎనిమిదో నిమిషంలో బొటనవేలు బయటికొచ్చింది,
బద్ద కాకుండా వచ్చిన జీడిపప్పులా.
అప్పుడేడ్చింది దాలెమ్మ.

పొద్దున్న మాత్ర నమిలి
"సుద్దలాగున్నాది" అని మొహం చిట్లించింది.
"ఎన్నాళ్ళేసుకోవాలి?"
తెలీదన్నాను.
ఆ గింజలు లేస్తే కొన్నాళ్ళు, లేవకపోతే ఎప్పటికీ.
రక్తమే చెప్పాలి, నెలనెలా.
"ఎప్పటికీ అంటే..."
కేజీ పప్పు కొడితే ఎన్ని మాత్రలొస్తాయో
లెక్కేయడం మొదలెట్టింది తవిటమ్మ.
నల్లటి బొటనవేలు
చూపుడువేలి మొదటి కణుపు మీంచి రెండోదానికి,
రెండో దాన్నించి మూడుకి,
తడబడకుండా నడుస్తోంది.